ఎత్తుపనులు - మెట్టసీమ చరిత్ర

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములను మెట్టసీమ యనుట కృష్ణాజిల్లా వారికి చిరకాలపు వాడుక. 2022లో ఈ రెండును ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఈ సీమ చరిత్రను శాసనముల ననుసరించియో, జమీందారుల వంశముల ననుసరించియో చెప్పుకొనుట పరిపాటి. ఇప్పుడు మనము వేరొక ప్రశ్న వేసికొందము. ఇచ్చటను, ఈ చుట్టుపట్లను ఎత్తయిన కట్టడములు, చెట్లు ఎక్కి పనిచేసినవారు క్రింద పడకుండ కాచినది ఎవరు?

జగ్గయ్యపేట చెంతనున్న ధనబోడుపై 1882లో జేమ్స్ బర్జెస్ బౌద్ధస్తూపమును త్రవ్వించెను. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని 20వ పాలనాసంవత్సరమున, అనగా క్రీ.శ. మూడవ శతాబ్దిలో, సిద్ధార్థుడను శిల్పి మహాచైత్యపు తూర్పు ద్వారమున అయిదు ఆయక స్తంభములను నిలిపినట్లు అచ్చటి ప్రాకృత శాసనము తెలుపుచున్నది. అతని తండ్రియు శిల్పియే. పనివాని పేరు రాతికెక్కుట అరుదు గనుక ఈ శాసనము మనకు మిక్కిలి ప్రియమైనది. కాని సిద్ధార్థుడు సైతము దాతగానే రాతికెక్కెను. ఆ రాళ్లకు మోకులు కట్టి నిలువనెత్తిన కూలివారి ఊసు అందులో లేదు.

పందొమ్మిదవ శతాబ్ది మొదటికి వచ్చినను ఈ తీరు మారలేదు. బేతవోలును పట్టణముగా పెంచి, తన తండ్రి జగ్గయ్య పేర జగ్గయ్యపేట యనిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడే, 1807-1809 సంవత్సరములలో మంగళగిరి గాలిగోపురమును కట్టించెను. 11 అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. కట్టించిన ప్రభువు పేరు నిలిచినది. పరంజాలపై నిలిచి కట్టినవారి పేర్లు నిలువలేదు.

ఇక మన కాలపు మహానిర్మాణము నాగార్జునసాగరము. దాని సాధనకు పాటుపడినవారిలో ఈ సీమవాడైన ముక్త్యాల రాజా ముఖ్యుడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసెను. యంత్రములకంటె మనుష్యుల చేతులనే నమ్ముకొని 124 మీటర్ల ఎత్తున రాతికట్టడము లేచినది. కర్రలతో కట్టిన ఏటవాలు పరంజాలపై స్త్రీపురుషులు బారులు తీరి రాళ్లు మోసిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నీరు నందిగామ, జగ్గయ్యపేట పొలములకు పారినది. ఆ పొలమున అన్నము తినువారందరును ఆ పరంజాలపై నడచినవారికి ఋణపడియున్నారు.

చట్టము ఈ ఋణమును మెల్లమెల్లగా గుర్తించినది. 1923 నాటి కార్మిక పరిహార చట్టము, ప్రమాదము జరిగిన పిమ్మట సొమ్ము చెల్లింపుమనెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమును, దాని సవరణలును పడకముందే కంచె కట్టుమనెను. ఫ్యాక్టరీ గోడల వెలుపలనున్న కట్టుబడి కూలివారి కొఱకు ప్రత్యేకచట్టము వచ్చుటకు 1996 వరకు వేచియుండవలసి వచ్చెను. పడకుండ చూచుకొనుట కూలివాని నేర్పు మాత్రమే కాదు, పని చేయించువాని బాధ్యత కూడ అను మాట ఇంత నెమ్మదిగా మన చట్టములోనికి వచ్చినది.

అయితే పని చేయించు యజమాని యనువాడే లేని పని ఒకటి కలదు. అది తాటిచెట్టెక్కి కల్లుగీయుట. గీతకార్మికుడు నడుమునకును మ్రానునకును కలిపి మోకు వేసికొనును, పాదములకు బందము తగిలించుకొనును, మొలలో పదునైన కత్తి దోపుకొని అయిదారు నిలువుల ఎత్తు ఎక్కును. వాన తడిసిన మ్రాను జారును. మోకు తెగినచో పట్టుకొను రెండవ ఆధారము లేదు. గీతపనివారు కొలుచు కాటమయ్య పేర, పొరుగున ఉన్న తెలంగాణ ప్రభుత్వము 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో "కాటమయ్య రక్షణ కవచము" అను పథకమును ప్రారంభించి, భద్రతా పరికరములను, వాటి వాడుకలో శిక్షణను ఇచ్చుటకు పూనుకొనెను. దేవుని పేర మ్రొక్కిన మ్రొక్కు, ప్రభుత్వము చేతిలో పట్టీగా, త్రాడుగా మారుట చరిత్రలో చిన్న విషయము కాదు.

ఇన్ని శతాబ్దముల అనుభవమునుండి ఏరుకొనవలసిన నీతి సులభమైనది. నేలమీదనే చేయదగిన పనికి ఎత్తెక్కరాదు. ఎక్కక తప్పనిచో ముందు అంచున కంచె ఉండవలెను. కంచె కట్టరాని చోట నడుమునకు మాత్రమే గాక భుజములను, తొడలను కూడ చుట్టి ఒడలంతయు పట్టియుంచు పట్టీ, దానిని కట్టుటకు గట్టి ఆధారము కావలెను. ఒక త్రాడు తెగినను మరియొకటి పట్టుకొనవలెను. అరిగిన త్రాడును పొదుపుకొఱకు దాచరాదు. పట్టీతో వ్రేలాడుచున్న మనిషిని క్షణమైన జాగుచేయక దింపవలెను. అట్లే వ్రేలాడనిచ్చినచో రక్తప్రసరణము తడబడి ప్రాణాపాయము కలుగును.

ధనబోడు శాసనము దాత పేరు చెప్పినది. మనము కట్టించు కట్టడములపై శిలాఫలకములు ఉండనే ఉండును. వాటిని చెక్కించుటకు ముందు, పైనున్న మనిషి త్రాడు గట్టిదేనా యని అడిగి తెలిసికొనుట పని చేయించువాని తొలి ధర్మము.