దీపం పట్టి వెతికిన స్త్రీ
యూదు, క్రైస్తవ విశ్వాసాల్లో దైవపు స్త్రీ పార్శ్వం: నరసన్నపేట ప్రాంతం నుంచి ఒక పరిశీలన

శ్రీకాకుళం నుంచి టెక్కలి వెళ్లే జాతీయ రహదారి మీద నడుమ వచ్చే ఊరు నరసన్నపేట. ఈ చుట్టుపక్కల అమ్మవారు లేని గ్రామం అరుదు. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి, పాతపట్నం నీలమణి దుర్గ, విజయనగరం పైడితల్లి పేర్లు ఈ ప్రాంతంలో ఏ మతం ఇంట పుట్టినవారైనా వింటూ పెరిగినవే. అలాంటి నేల మీదకు పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవం రెండు దారుల్లో వచ్చింది. ఒక దారి మరియమాతను వెంటబెట్టుకొచ్చింది. రెండో దారి ఆ భక్తి వద్దంది. దీని మీద చాలామంది ఒక సులువైన లెక్క వేస్తారు: కతోలికులకు అమ్మవారి చోట మరియమ్మ దొరికిందని, బాప్టిస్టులకు తల్లి లేని దేవుడు మిగిలాడని. ఈ లెక్క రెండు వైపులా తప్పని ఈ వ్యాసం ప్రతిపాదన. కతోలిక సిద్ధాంతంలో మరియమ్మ దేవత కాదు. ఇక బాప్టిస్టుల చేతిలో ఉన్న బైబిల్లోనే, అందులోనూ హెబ్రీ గ్రంథాల్లో, ప్రసవవేదన పడే దేవుడు, ఒడిలో ఓదార్చే దేవుడు కనిపిస్తాడు.

లండన్ మిషనరీ సొసైటీ విశాఖపట్నంలో అడుగుపెట్టింది 1805లో. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో కటక్‌లో బాప్తిస్మం పొంది, తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యుల్లో ఒకరయ్యారు. ఆయన ఆ దారి పట్టడంలో శ్రీకాకుళంలో ఉండిన హెలెన్ నాట్ అనే మహిళ పాత్ర ఉంది. తర్వాత కెనడియన్ బాప్టిస్టులు శ్రీకాకుళం, టెక్కలి, పాలకొండ, సోంపేట, బొబ్బిలిలో స్టేషన్లు పెట్టారు. 1870లో నోవాస్కోషియాలో ఊరూరా స్త్రీల మిషనరీ సంఘాలు కట్టిన హన్నా మరియా నోరిస్, కొన్నేళ్లకు తెలుగు నేలకు వచ్చిన తొలి బృందంలో ఉంది. కతోలికుల వైపు చూస్తే, ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు విశాఖకు వచ్చింది 1846లో, అన్సీ నుంచి సెయింట్ జోసెఫ్ సభ కన్యస్త్రీలు వచ్చింది 1849లో. శ్రీకాకుళం ప్రత్యేక మేత్రాసనమైంది 1993లో. స్త్రీలు మోసి తెచ్చిన విశ్వాసం ఇది. అయినా ఈ విశ్వాసంలో దైవానికి స్త్రీ ముఖం ఉందా అన్న ప్రశ్న మన పండితులు పెద్దగా వేయలేదు.

ఈ ప్రశ్నకు నరసన్నపేటకు చేరువలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. వంశధార ఒడ్డున సాలిహుండం కొండ మీది బౌద్ధ స్థావరాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. అక్కడ తార, మారీచి విగ్రహాలు దొరికాయి. దేవీ ఆరాధన లేకుండా మొదలైన బౌద్ధం శతాబ్దాలు గడిచేసరికి కరుణను తార రూపంలో నిలబెట్టింది. ఇశ్రాయేలులో దీనికి తలకిందులుగా జరిగింది. అక్కడ దేవి మొదట ఆలయంలోనే ఉంది. ఆమెను బయటికి పంపారు. ఆమె గుణాలు మాత్రం ఒకే దేవుడి వర్ణనలోకి వచ్చి చేరాయి.

ఆ దేవి పేరు అషేరా. క్రీ.పూ. 622 ప్రాంతంలో యూదా రాజు యోషీయా యెరూషలేము మందిరంలోంచి అషేరా ప్రతిమను తీయించి కిద్రోను వాగు దగ్గర కాల్పించాడని రాజుల రెండవ గ్రంథం 23వ అధ్యాయం చెబుతుంది. అదే చోట ఒక చిన్న వివరం ఉంది. మందిర ప్రాంగణంలో స్త్రీలు అషేరా కోసం వస్త్రాలు నేసేవారట. అమ్మవారికి చీర, రవిక పెట్టి పసుపు కుంకుమలతో మొక్కు తీర్చుకునే ఊళ్ల వాళ్లకు ఈ వాక్యం మీద వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆ నేత సాగిన ఇళ్లను రాజు పడగొట్టించాడు. ఆ నేత స్త్రీల మాట మాత్రం గ్రంథంలో ఎక్కడా నమోదు కాలేదు.

నమోదైన గొంతులు యిర్మీయా 44వ అధ్యాయంలో ఉన్నాయి. ఐగుప్తుకు పారిపోయిన యూదా స్త్రీలు ప్రవక్త ముఖం మీదే చెబుతారు: ఆకాశరాణికి ధూపం వేసి పిండివంటలు చేసినన్నాళ్లూ మాకు తిండికి కొదవ లేదు, మానేసిన దగ్గర్నుంచే కరువు, కత్తి. మా భర్తలకు తెలియకుండా చేశామా అని కూడా అడుగుతారు. ప్రవక్త వారిని ఖండిస్తాడు, కానీ వారి వాదనను చెరపకుండా గ్రంథం నిలిపి ఉంచింది. దీనికి పురావస్తు ఆధారమూ తోడైంది. 1975-76లో జెయెవ్ మెషెల్ సినాయి ఈశాన్యంలోని కుంతిల్లెత్ అజ్రుద్‌లో తవ్వినప్పుడు, క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దం ప్రాంతపు పెద్ద జాడీల మీద యెహోవాను, ఆయన అషేరాను కలిపి ఆశీర్వదించే రాతలు బయటపడ్డాయి. ఇక్కడ అషేరా అంటే దేవియా, ఆమెకు గుర్తైన కొయ్య స్తంభమా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చని మాట. రాఫెల్ పటాయ్ 1967లో హెబ్రీ దేవి మీద పుస్తకం రాసినప్పుడు ఈ జాడీలు ఇంకా మట్టిలోనే ఉన్నాయి.

దేవి వెళ్లిపోయాక ఏమైందన్నదే నాకు ముఖ్యం. యెషయా గ్రంథం 40వ అధ్యాయం నుంచి ఉన్న భాగం బబులోను చెర కాలానికీ ఆ తర్వాతికీ చెందినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే యోషీయా సంస్కరణకు తర్వాతిది. తల్లి గుణాలు దేవుడికి ఎక్కువగా అంటిన చోటు సరిగ్గా అదే. 42:14లో దేవుడు ప్రసవించే స్త్రీలా కేక పెడతాడు. 49:15లో చంటిబిడ్డను మరచే తల్లి ఉన్నా తాను మరవనంటాడు. 66:13లో తల్లిలా ఆదరిస్తానంటాడు. దీన్ని అచ్చమైన కాలక్రమంగా చెప్పడం సాహసమే. అంతకు ముందే ఎనిమిదో శతాబ్దపు హోషేయ, బిడ్డకు నడక నేర్పి తినిపించే దేవుణ్ణి 11వ అధ్యాయంలో చూపించి, ఆ అధ్యాయంలోనే దేవుడు నరుడు కాడని తేల్చాడు. అయినా మొగ్గు స్పష్టం. సామెతలు 8వ అధ్యాయంలో జ్ఞానం ఒక స్త్రీ. ఆమె గుమ్మాల దగ్గర, దారులు కలిసే చోట నిలబడి పిలుస్తుంది. సృష్టి జరిగేటప్పుడు దేవుడి పక్కనే ఉండి ఆనందిస్తుంది.

యూదులు ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్లారు. రబ్బీలు దేవుని సన్నిధిని షెఖీనా అన్నారు. ఇశ్రాయేలు చెరకు వెళ్లినప్పుడు ఆ సన్నిధి కూడా వెంట వెళ్లిందని తాల్ముదు బోధ. పన్నెండో శతాబ్దపు మైమోనిదీస్ వంటి తత్వవేత్తకు అది దేవుడు సృష్టించిన కాంతి మాత్రమే. అదే సన్నిధి పదమూడో శతాబ్దం చివర కాస్టీలులో మోషె ద లియోన్ వెలువరించిన మార్మిక గ్రంథం జోహర్‌లో రాణి, కూతురు, వధువు అయింది. పదహారో శతాబ్దంలో సఫెద్ మార్మికులు శుక్రవారం సాయంత్రం పొలాల్లోకి వెళ్లి విశ్రాంతిదినాన్ని పెళ్లికూతురిలా ఎదుర్కొనేవారు. షొలొమో అల్కబెత్స్ ఆ సందర్భానికి రాసిన పాట ఇవాళ ప్రపంచంలోని యూదు సమాజాల్లో పాడుకుంటున్నారు. మన తెలుగు నేల మీద కూడా, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన బెనె ఎఫ్రాయిం సమాజం 1980ల చివరి నుంచి తమను యూదులుగా చెప్పుకుంటూ విశ్రాంతిదినం పాటిస్తోంది. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ 2013లో వారి మీద పుస్తకం తెచ్చారు.

క్రైస్తవంలో ఈ ధార మూడు పాయలైంది. స్త్రీగా పలికిన జ్ఞానాన్ని పౌలు క్రీస్తుకు అన్వయించాడు (1 కొరింథీ 1:24). తొలి శతాబ్దాల సిరియా సంఘాలు పరిశుద్ధాత్మను తల్లిగా సంబోధించాయి. నాలుగో శతాబ్దపు అఫ్రహాత్ రచనల్లో అది కనిపిస్తుంది, ఆ తర్వాత సన్నగిల్లింది. మూడోది మరియమాత. 431లో ఎఫెసు మహాసభ ఆమెను దేవమాతగా ఒప్పుకుంది. అయితే అంతకు ముందే, నాలుగో శతాబ్దంలో, మరియమ్మకు రొట్టెలు నైవేద్యం పెట్టే స్త్రీలను ఎపిఫానియస్ తప్పుపట్టాడు. గౌరవం వేరు, ఆరాధన వేరు అన్న గీత అప్పుడే పడింది. విశాఖలోని మరియమాత కొండగుడికి మొక్కుకుని ఎక్కేవారికీ, గుణదలలో ఫిబ్రవరి 11 ఉత్సవానికి ఈ జిల్లాల నుంచి వెళ్లేవారికీ గురువులు చెప్పేది ఇదే: మరియమ్మ మన కోసం వేడుకునే తల్లి, వరమిచ్చేది దేవుడు. పైడితల్లి కథ ఇక్కడ తేడాను బాగా చూపిస్తుంది. 1757 బొబ్బిలి యుద్ధం నాటి రాజకుటుంబపు ఆడపడుచు దేవత అయింది. నజరేతు ఆడపడుచు ఎంత ఎత్తున నిలిచినా మనిషిగానే ఉంది. కాబట్టి మరియమ్మను అమ్మవారితో పోల్చి ఊరుకునే పరిశోధన, భక్తుల అలవాటును వర్ణిస్తుంది గానీ దైవంలోని స్త్రీత్వాన్ని తాకదు.

తాకాలంటే లూకా 15వ అధ్యాయం తెరవాలి. అక్కడ యేసు వరసగా మూడు కథలు చెబుతాడు. కాపరి తప్పిపోయిన గొర్రెను వెతుకుతాడు. పది వెండి నాణేలున్న స్త్రీ ఒకటి పోగొట్టుకుంటుంది. తండ్రి తప్పిపోయిన కొడుకు కోసం ఎదురుచూస్తాడు. నడిమి కథలో ఆమె చేసే పనులు చూడండి. దీపం వెలిగిస్తుంది. ఇల్లంతా ఊడుస్తుంది. నాణెం దొరికేదాకా మూల మూలా వెతుకుతుంది. దొరికాక చెలికత్తెలను, ఇరుగుపొరుగు అమ్మలను పిలిచి సంతోషం పంచుకుంటుంది. ఆ నాణెం సుమారు ఒక రోజు కూలి. చీకటి గది, మట్టి నేల, చీపురు, చమురు దీపం: పేద ఇల్లాలి ఇల్లు అది. మూడు కథల్లోనూ వెతికేది, ఎదురుచూసేది దేవుడే అయితే ఈ చీపురు పట్టిన చేయి కూడా దేవుడిదే. ఇది నేటి స్త్రీవాదులు కల్పించిన అర్థం కాదు. ఆరో శతాబ్దం చివర రోమా పోపు గొప్ప గ్రెగొరీ తన సువార్త ప్రసంగంలో కాపరి ఎవరో ఈ స్త్రీ కూడా ఆయనే, ఆమె దేవుని జ్ఞానం అని వివరించాడు.

అయినా మన గోడల మీద పటం కట్టి పెట్టుకున్నది గొర్రెపిల్లను భుజాన వేసుకున్న కాపరినే. తప్పిపోయిన కుమారుడి కథ మీద ఉజ్జీవ కూటాల్లో గంటల తరబడి ప్రసంగిస్తాం. నడుమనున్న మూడు వచనాలను, అవసరమైతే, జాగ్రత్తగల గృహిణి పాఠంగా స్త్రీల కూటానికి వదిలేస్తాం. ఈ నిర్లక్ష్యం బైబిలుది కాదు, బోధకులది. స్త్రీల సమాజాల్లో పరిస్థితి వేరు. బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన కాలం నుంచి, పురిటినొప్పుల దగ్గర, బిడ్డ జ్వరం దగ్గర, వలస వెళ్లిన భర్త కోసం చేసే ప్రార్థనలో యెషయా 49, 66 అధ్యాయాల మాటలే ఆసరా. పాస్టరమ్మ మోకాళ్ల మీద ఉండి తల్లిలా ఆదరించు ప్రభువా అని వేడుకుంటే ఎవరూ దాన్ని సిద్ధాంత దోషం అనరు. అదే మాట ప్రసంగ వేదిక మీదికి వస్తే అనుమానం పుడుతుంది.

అనుమానించేవారికి ఒక బలమైన అభ్యంతరం ఉంది: యేసు పరలోకమందున్న తండ్రీ అని నేర్పాడు కదా, దాన్ని మార్చే హక్కు ఎవరిది? మార్చమని ఎవరూ అనడం లేదు. తండ్రి అన్న పిలుపు దేవుడు పురుషుడని చెప్పే మాట కాదు. 1992 నాటి కతోలిక సత్యోపదేశం 239వ పేరా దేవుడు స్త్రీ పురుష భేదానికి అతీతుడని, ఆయన వాత్సల్యాన్ని మాతృత్వ రూపంలోనూ చెప్పవచ్చని అంటుంది. 1978 సెప్టెంబరు 10న మొదటి జాన్ పాల్ పోపు యెషయాను ఆధారం చేసుకుని, దేవుడు మనకు తండ్రే కాదు, అంతకు మించి తల్లి అని ప్రజల ముందు చెప్పారు. లేఖనమే ప్రమాణమనే బాప్టిస్టులకు పోపు మాట అక్కర్లేదు. యెషయా చాలు, లూకా చాలు.

నరసన్నపేట, టెక్కలి, పాలకొండ సంఘాల్లో పెద్ద వయసు స్త్రీలు నోటితో చేసే ప్రార్థనలు ఇంకా ఎవరి పుస్తకంలోకీ ఎక్కలేదు. తెలుగు శాఖల్లోనూ వేదాంత కళాశాలల్లోనూ పరిశోధనాంశం వెతుక్కునే విద్యార్థులు ముందు ఈ ఊళ్లకు వచ్చి, ఆ అమ్మల అనుమతితో, వాటిని వారి యాసలోనే రికార్డు చేయాలి. సంఘ కాపరులకు నా విన్నపం ఒక్కటే: ఈసారి లూకా 15 మీద ప్రసంగం చేసేటప్పుడు ఎనిమిదో వచనం దగ్గర ఆగండి, దీపం పట్టి వెతికే ఆ స్త్రీలో దేవుణ్ణి చూపించండి.