బియ్యం పద్దు, సారా పద్దు: తెలుగు నేలపై ఎక్సైజు ఆదాయ చరిత్ర

రాష్ట్ర బడ్జెట్ పేదలకు ఏం చేసిందన్న చర్చ వచ్చినప్పుడు మన దృష్టి సాధారణంగా వ్యయపు పద్దుల మీదనే ఉంటుంది. ఎంత బియ్యం పంచారు, ఎన్ని వసతిగృహాలు కట్టారు అని లెక్కిస్తాం. ఆ సొమ్ము ఎవరి చేతి నుంచి వచ్చిందని అడగడం అరుదు. తెలుగు ప్రాంతాల్లో ఆ ప్రశ్నను విడవకుండా ముందుకు తెచ్చిన పద్దు మద్యం మీది రాబడి.

మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ మంత్రివర్గం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. ఆబ్కారీ రాబడి పోతే ఖజానాకు దారేమిటన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ముఖ్యమైనది 1939 నాటి జనరల్ సేల్స్ టాక్స్ చట్టం. అమ్మకం పన్ను సైతం చివరకు కొనుగోలుదారు నెత్తినే పడుతుంది, నిజమే. అయినా కల్లు, సారా దుకాణాల ముందు నిలబడిన కూలీ మీద పడే భారంలో కొంత భాగాన్ని అది బజారులో సరుకులు కొనే వారందరి మీదా పరిచింది. ఒక పన్నును వదులుకుంటూ మరో పన్నును బాహాటంగా వేయడం ఆ నిర్ణయంలోని విశేషం. అదే కాలంలో నిజాం రాజ్యంలోని తెలంగాణలో ఆబ్కారీ ప్రధాన ఆదాయ వనరుగానే కొనసాగింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం వివాదం మీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

1980ల దశకంలో ఈ పద్దుకు మరో పద్దు జత అయింది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టింది. ఆ దశకంలోనే ప్రభుత్వ సారాను ప్యాకెట్లలో ఊరూరా అందించే ‘వారుణి వాహిని’ కూడా వచ్చింది. పురాణాల్లోని మద్యాధిదేవతను ఒక ఆదాయ పథకానికి పేరుగా తెచ్చిన ఆ సమాసకర్త ఎవరో గానీ, ‘వాహిని’ అన్న మాట మాత్రం అతికినట్టు సరిపోయింది. 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలుగా ఉన్న ఎక్సైజు ఆదాయం 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. సారా పాటల్లో దుకాణం హక్కు దక్కించుకున్న కాంట్రాక్టరు ఆ మొత్తాన్ని కూలిడబ్బుల నుంచే రాబట్టుకోవాలి. రేషను కార్డు మీద ఇంటికి చేరిన రాయితీ సాయంత్రానికి దుకాణం మీదుగా ఖజానాకు తిరిగి వెళ్లేది. బియ్యం తెచ్చుకునేది ఎక్కువగా స్త్రీలు, సారాకు డబ్బు పెట్టేది పురుషులు కావడం వల్ల ఈ రెండు పద్దులూ ఒకే ఇంటివన్న సంగతి లెక్కల్లో కనిపించేది కాదు.

దాన్ని కనిపించేలా చేసింది అదే ప్రభుత్వం పెట్టిన మరో చిన్న ఖర్చు. నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమంలో తాగుడు వల్ల చితికిన కుటుంబాన్ని చెప్పే ‘సీతమ్మ కథ’ వయోజనుల వాచకంలో పాఠంగా ఉంది. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించిన ఉదంతం ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1992లో ఆ జిల్లాలో సారా పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. వాచకం అచ్చువేయించిందీ, పాటలు పెట్టిందీ ఒకే ప్రభుత్వం. ఈ ఉద్యమాన్ని స్త్రీల నైతిక పోరాటంగా, కుటుంబ హింసపై తిరుగుబాటుగా వివరించిన అధ్యయనాలు సరైనవే. కానీ దీనికి పన్ను నిరాకరణ అన్న పేరు కూడా తగునని నా అభిప్రాయం. వేలాన్ని అడ్డుకోవడమంటే రాబడి పుట్టేచోటనే దాన్ని ఆపడం. తాలూకా కచేరీకి అర్జీ పెట్టుకోవడం కంటే అది వేరైన పని.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1994 డిసెంబరులో తిరిగి అధికారంలోకి వచ్చిన రామారావు ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధాన్ని అమలు చేసింది. అయితే 1939లో అమ్మకం పన్ను వచ్చినట్టుగా ఈసారి పోయిన రాబడి స్థానాన్ని నింపగల పన్ను ఏదీ స్థిరపడలేదు. దొంగసరుకు అదుపులోకి రాలేదు. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రాయితీ బియ్యం ధరను కిలోకు మూడున్నర రూపాయలకు పెంచింది. 1997లో నిషేధాన్ని సడలించింది. ఖజానా లోటు నిజమే. కానీ ఆ లోటును పూడ్చడానికి ఎంచుకున్న ఈ రెండు మార్గాలూ, బియ్యం ధర ఒకటి, మద్యం రాబడి మరొకటి, తిరిగి ఆ పాత ఇంటి గుమ్మానికే చేరాయి. సారా మాత్రం తిరిగి రాలేదు. దాని స్థానంలో సీసా మద్యం నిలిచింది.

2017 జులై 1న వస్తు సేవల పన్ను అమల్లోకి వచ్చాక అమ్మకం పన్నులో అత్యధిక భాగం రాష్ట్రాల స్వతంత్ర నిర్ణయం నుంచి తప్పుకుంది. మానవ వినియోగానికి ఉద్దేశించిన మద్యం మాత్రం ఆ పరిధికి వెలుపలే ఉండిపోయింది. అంటే 1939లో ఆబ్కారీకి ప్రత్యామ్నాయంగా తెచ్చిన సాధనం ఇప్పుడు రాష్ట్రం చేతిలో పూర్తిగా లేదు, ఆబ్కారీ ఉంది.