ఆర్కిటిక్: ఎలుగు కింది నేల

పొందూరులో వేసవి రాత్రి మేడ మీద పడుకుంటే ఉత్తరాన సప్తర్షులు కనిపిస్తారు. వాళ్లకు దిగువన, 18 డిగ్రీల ఎత్తులోనే ధ్రువనక్షత్రం. ఆ సప్తర్షుల చుక్కల్లో గ్రీకులు ఎలుగుబంటిని చూశారు. వాళ్ల భాషలో అది ‘అర్క్టోస్’. దాని కిందున్న ఉత్తరపు సీమ ఆర్కిటిక్ అయింది. మన ‘ఋక్షం’ ఆ మాటకు తోబుట్టువే. జాంబవంతుడు ఋక్షరాజు, ఋగ్వేదంలో ఆ చుక్కలూ ఋక్షాలే. నిఘంటువులో ఋక్షమంటే నక్షత్రం కూడాను!

ఆ ఆర్కిటిక్‌లోనే 1873 ఆగస్టు 30న మంచులో చిక్కి కొట్టుకుపోతున్న ‘టెగెట్‌హాఫ్’ ఓడ నుంచి ఆస్ట్రియా-హంగరీ యాత్రికులకు తెలియని కొండలు కనిపించాయి. 190కి పైగా దీవులు, ఒక్క ఊరూ లేదు. తమ చక్రవర్తి పేరిట ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ అన్నారు. ఆయన అక్కడ అడుగే పెట్టలేదు. ఎలుగులు మాత్రం ఉన్నాయి, తెల్లవి. మన ఉద్దానం జీడితోటల్లో తిరిగేవి నల్లవి.