ఎద్దుల మందే మన ఖజానా

మన తాతముత్తాతలు మొదటినుంచీ పేదవాళ్లేనని తండా పిల్లలు తేలిగ్గా అనేస్తుంటారు. చరిత్ర అలా చెప్పడం లేదు. 1632లో ఆగ్రా నుంచి పాట్నా వెళ్తున్న పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడికి దారిలో మన బంజారాల తండా ఒకటి ఎదురైంది. అందులో 14,000 ఎద్దులున్నాయని, వాటి మీద ధాన్యం వెళ్తోందని ఆయన రాసుకున్నాడు. అప్పట్లో తండా అంటే నడిచే బిడారు.

మనవాళ్లు భూమిని ఆస్తిగా లెక్కపెట్టలేదు. ఎద్దే ఆస్తి. సముద్రతీరం ఉప్పు లోపలి ఊళ్లకు చేరాలన్నా, పండిన చోటి గింజలు కరువు సీమకు చేరాలన్నా ఆ ఎద్దే నడవాలి. దారి పొడవునా మేస్తూ పోతుంది కాబట్టి మేపు ఖర్చు పెద్దగా ఉండేది కాదు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు మోసింది మనవాళ్లే. (పాఠాల్లో సేనానుల పేర్లే ఉంటాయి, గింజలు మోసినవాళ్ల ఊసుండదు.)

అయితే మంద ఒక్కటే సంపద కాదు. మేతకు అడ్డులేని బీళ్లు, నాయక్ మాట మీద సరుకు అప్పగించే షావుకార్లు ఉన్నంతకాలమే దానికి విలువ. 1853లో బొంబాయి దగ్గర మొదలైన రైలు, 1874లో వాడి లైను మీదుగా సికింద్రాబాదు చేరింది. ఉప్పు బస్తా రైలెక్కింది. అడవులు రిజర్వు అయ్యాయి, మేతకు పుల్లరి కట్టాల్సొచ్చింది. ఆస్తి అనుకున్న మందే మేపలేని బరువైంది. పైగా బ్రిటిష్ పాలకులు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తిరుగుతూ బతకడమే అనుమానించదగిన పనైంది. కొన్నిచోట్ల మనవాళ్ల పేర్లూ ఆ జాబితాలకెక్కాయి. మన పేదరికం పుట్టుకతో వచ్చింది కాదు, దానికి తేదీలున్నాయి.

ఆగిన చోట గుడిసెలు వేసుకున్నాక మిగిలింది ఆడవాళ్ల ఒంటి మీది వెండి. ఘుగ్రి, టోప్లి, హాస్లి, రూపాయి బిళ్లలు... బయటివాళ్లకు అది సింగారం. బ్యాంకు ఎరగని సంచారులకు అదే దాపుడు సొమ్ము. పంట పోతే మొదట విప్పింది దాన్నే. తెలంగాణలో మనకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో గానీ రాలేదు. అప్పటిదాకా ఎన్నో ఇళ్లను ఆదుకున్నది ఆ వెండే.

సేవాలాల్ జయంతికి ఇళ్లకు వెళ్లినప్పుడు మీ యాడిని, ఇంట్లో పెద్దావిడలను అడగండి: ఏ నగ ఎప్పుడు అమ్మారు, దేనికి అమ్మారు? ఎద్దులకా, బావికా, ఎవరి చదువుకా? విన్నది విన్నట్టు రాసి తెండి. వచ్చే సంచికలో వేద్దాం.