రికార్డు మీది పేరు: చాస్ చాండ్లర్

1964లో ‘ది యానిమల్స్’ బృందం రికార్డు చేసిన ‘హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికెక్కింది. కర్త ఎవరో తెలియని జానపద గీతమది. వాయించినవారు అయిదుగురు. రికార్డు మీద కూర్పు చేసినవాడిగా అచ్చయింది మాత్రం అలన్ ప్రైస్ ఒక్కడి పేరే. రాయల్టీ కూడా అతనికే. బాస్ గిటార్ వాయించిన చాస్ చాండ్లర్ (1938-1996) న్యూకాసిల్ వాడు, అంతకుముందు ఓడల కార్ఖానాలో టర్నర్. సమష్టి శ్రమ ఫలం అచ్చులో పేరున్నవాడికే చేరుతుందని అతనికి వేరే ఎవరూ బోధించనక్కరలేదు.

1966లో న్యూయార్కులో జిమీ హెండ్రిక్స్ వాద్యం విని, అతన్ని లండన్ తీసుకువచ్చి, తన గిటార్లు అమ్మి మరీ డబ్బు పెట్టాడు. ‘హే జో’ రికార్డు రెండో వైపుకు పరాయి పాట వద్దు, నువ్వే రాయమని పట్టుబట్టాడు. ‘స్టోన్ ఫ్రీ’ అలా పుట్టింది. అయితే మేనేజరుగా అతని భాగస్వామి మైకేల్ జెఫ్రీ, వెనుక యానిమల్స్‌ను నడిపినవాడే. ఈ వైరుధ్యాన్ని దాటవేయరాదు. 1968లో ‘ఎలక్ట్రిక్ లేడీలాండ్’ వేళ, వాయించిందే మళ్ళీమళ్ళీ వాయించే హెండ్రిక్స్‌తో పొసగక నిర్మాతగా తప్పుకున్నాడు. స్టూడియో గంటల లెక్క చూశాడు గనుక యజమాని అయిపోయాడనడం తొందరపాటు. పనిముట్లు అమ్ముకున్నవాడికి ఆ గంటల ఖరీదు తెలుసు.

తరువాత స్లేడ్ బృందాన్నీ సొంత పాటలు రాయమనే పోరాడు. 1971-73 మధ్య బ్రిటన్‌లో మొదటి స్థానానికెక్కిన వారి ఆరు పాటలూ బృంద సభ్యులు రాసినవే.