గొట్టాల్లో గడ్డకట్టిన చాకిరీ

హైదరాబాదు నీళ్ల చరిత్ర అంటే జలాశయాలు, పథకాలే: 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, 2004లో కృష్ణ, 2015లో గోదావరి. ఆ నీళ్లు చాలని ఇళ్లకు బోరే దిక్కు. ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకున్న ఏఎస్ రావు నగర్‌లోనూ అంతే.

గ్రానైటు పగుళ్లలోని నీటిలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. కాగినప్పుడు కాల్షియం సుద్దలా విడివడి గీజరు రాడ్డుకు, గొట్టాలకు గార కడుతుంది. నల్లా ధార సన్నబడుతుంది. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు.

తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే నీళ్లు దొరక్కపోతే 600 వరకు పర్వాలేదనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. పర్వాలేదన్న ఆ 400 ఎవరి రెక్కల మీద పడుతోంది? నిమ్మచెక్కతో, వెనిగర్‌తో నల్లాలు నానబెట్టి తోమే ఇల్లాలి మీద. చేతులకు తొడుగైనా లేకుండా, యాసిడ్ ఘాటు పీలుస్తూ బాత్‌రూములు కడిగే పనిమనిషి మీద.

గొట్టం మారిస్తే ప్లంబరు బిల్లు ఇస్తాడు. మారకుండా ఇన్నేళ్లు కాపాడిన చాకిరీకి బిల్లు లేదు. నగరపు నీళ్ల చరిత్రలో ఇకనైనా దాన్నీ లెక్కగట్టాలి.