ముళ్లకంచె వెనక నుంచి వచ్చిన కసరత్తు

జోసెఫ్ పిలాటిస్ 1926లో న్యూయార్క్ చేరాడు. ఆ లెక్కన 2026తో నూరేళ్లు. ఎయిత్ అవెన్యూలో 939 నంబరు భవనంలో ఆయన, జీవిత సహచరి క్లారా కలిసి నడిపిన వ్యాయామశాల నుంచే 'పిలాటిస్' లోకమంతా పాకింది. ఇప్పుడు హైదరాబాద్‌లో నడుం నొప్పితో డాక్టర్ దగ్గరికి వెళ్లిన వాళ్ల చెవిన కూడా ఈ మాట పడుతోంది. చాప మీద పడుకుని, ఊపిరిని గమనిస్తూ, పొట్టనూ నడుమునూ వెన్నునూ నెమ్మదిగా బలపరుచుకోవడమే ఇందులోని సాధన. వెన్ను బలపడితే కూర్చునే తీరు, నిలబడే తీరు కూడా మారవచ్చు.

నేల మీద ఒంటితో సాధన చేయడం మనకు కొత్తేమీ కాదు. 15వ శతాబ్దపు 'హఠయోగ ప్రదీపిక' పదిహేను ఆసనాలు వివరించింది. వాటిలో ఎక్కువ కూర్చుని వేసేవే. ఆ తర్వాతి శతాబ్దాల్లో మామూలు జనం ఒంటిని ఎలా కాపాడుకున్నారో రాసిపెట్టిన వాళ్లు తక్కువ. ఐరోపాలో 1811లో ఫ్రెడరిక్ లుడ్విగ్ యాన్ బెర్లిన్‌లో ఆరుబయట కసరత్తు మైదానం తెరిచాడు. రెండేళ్లకు స్టాక్‌హోంలో పెర్ హెన్రిక్ లింగ్ వ్యాయామ విద్యాసంస్థ మొదలైంది. ఆ శతాబ్దం చివరికి దేహదారుఢ్యం మీద మోజు ఖండాలు దాటింది. మన వీరఘట్టం బిడ్డ, మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఆ తరం వాడే. పిలాటిస్ కూడా ఆ తరమే. 1883 డిసెంబర్ 9న జర్మనీలోని మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో పుట్టాడు. చిన్నతనమంతా ఉబ్బసంతో, ఎముకల బలహీనతతో బాధపడ్డాడని ఆయన జీవిత కథలు చెబుతాయి. పెద్దయ్యాక ఇంగ్లండ్ వెళ్లాడు. అంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

నన్ను కట్టిపడేసే ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. బ్రిటన్‌లో బతుకుతున్న జర్మన్లు రాత్రికి రాత్రి 'శత్రుదేశస్థులు' అయిపోయారు. క్షురకులు, హోటల్ సర్వర్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, నావికులు... తుపాకీ పట్టని వేలాది మందిని పోగుచేసి ఐరిష్ సముద్రంలోని ఐల్ ఆఫ్ మ్యాన్ దీవికి తరలించారు. అక్కడ పీల్ పట్నం పక్కన 'నాకేలో' అనే చోట శిబిరం. పొలాల మీద చెక్క గుడిసెలు లేచాయి, సరుకుల కోసం రైలు పట్టాలు కూడా వేశారు. ఒక దశలో 23 వేల మందికి పైగా అందులో ఉన్నారు. వాన పడితే కాలు తీయలేనంత బురద. గుడిసెలో మనిషి పక్కన మనిషి, బయట ఎటు చూసినా ముళ్లకంచె. శిక్ష పడిన ఖైదీకైనా విడుదల తేదీ తెలుస్తుంది. వీళ్లకు అదీ లేదు. ఆ నిరీక్షణ మనిషిని లోపల్నుంచి తినేసేది. స్విట్జర్లాండ్ వైద్యుడు అడాల్ఫ్ విషర్ దానికి 'ముళ్లకంచె జబ్బు' అని పేరు పెట్టాడు.

ఆ జబ్బుకు లొంగకుండా వాళ్లు నాటకాలు ఆడారు, పత్రికలు నడిపారు, చెక్క పని నేర్చుకున్నారు, కసరత్తులు చేశారు. పిలాటిస్ కూడా ఆ బందీల మధ్యే ఏళ్ల తరబడి ఉన్నాడు, తోటివాళ్ల చేత వ్యాయామం చేయించాడు. ఆస్పత్రి మంచాలకు స్ప్రింగులు బిగించి, లేవలేని రోగుల చేత కూడా కాళ్లూ చేతులూ ఆడించాడన్న కథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. శిబిరంలో పిల్లులు ఒళ్లు విరుచుకోవడం చూసి నేర్చుకున్నాడనీ అంటారు. అలంకారాలు పక్కన పెట్టినా ఒక్కటి మిగులుతుంది. మనిషి పడుకునేంత జాగాలో, ఏ సాధనమూ లేకుండా చేసుకోగల కసరత్తు విలువ అలాంటి చోట ఉన్నవాడికే బాగా తెలుస్తుంది.

'హండ్రెడ్' అనే కసరత్తునే తీసుకోండి. వెల్లకిలా పడుకుని తల, భుజాలు కాస్త పైకెత్తాలి. కాళ్లు చాచి నేల నుంచి లేపాలి. చేతులు ఒంటి పక్కనే చాపి చిన్నచిన్నగా కిందికీ పైకీ ఆడించాలి. ఐదు ఊపులకు ఊపిరి లోపలికి, మరో ఐదింటికి బయటికి. ఇలా పది సార్లు చేస్తే వంద ఊపులు. చూడ్డానికి ఏమీ లేదనిపిస్తుంది. సగానికి వచ్చేసరికి పొట్ట కండరాలు వణుకుతాయి.

యుద్ధం ముగిసి, కొన్నేళ్లకు న్యూయార్క్ చేరాక ఆయన దగ్గరికి నర్తకులు కూడా వచ్చారు. జార్జ్ బాలంషీన్, మార్తా గ్రాహం లాంటి దిగ్గజాలతో ఆ వ్యాయామశాలకు సంబంధం ఉండేది. 1945లో వచ్చిన 'రిటర్న్ టు లైఫ్ త్రూ కంట్రాలజీ' పుస్తకంలో 34 చాప కసరత్తులున్నాయి. వాటిని ఫొటోల్లో చేసి చూపించింది ఆయనే, దాదాపు అరవై ఏళ్ల వయసులో. 1967లో ఆయన పోయాక క్లారా, శిష్యులు ఆ విద్యను నిలబెట్టారు.

అక్కడి నుంచి దారులు చీలిపోయాయి. శిష్యులు తలోచోట తలో పద్ధతి నేర్పారు. పేరు మీద హక్కు ఎవరిదని కోర్టుకెక్కారు. 2000లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఆ పేరు అందరిదీ అని తేల్చింది. ఇక పట్టపగ్గాల్లేవు. ఫిజియోథెరపీ గదుల్లో ఒక పిలాటిస్, సినిమా తారల వీడియోల్లో మరొకటి, స్ప్రింగులు బిగించిన ఖరీదైన 'రిఫార్మర్' యంత్రాల మీద ఇంకొకటి. దీర్ఘకాలపు నడుం నొప్పి మీద వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015లో వెలువరించిన సమీక్ష, నామమాత్రపు చికిత్స కన్నా ఇది మేలు చేయవచ్చని చెప్పింది. మిగతా వ్యాయామాల కన్నా గొప్పదనడానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదంది. అది న్యాయమైన మాట.

యంత్రాలు కొనలేక, ఫీజులు కట్టలేక ఇది మనకు కాదనుకునే వాళ్లకు నా మనవి ఒకటే. గట్టి నేల మీద మందపాటి చాప వేసుకోండి. మొదట మోకాళ్లు మడిచి, తల నేలకే ఆనించి, ఊపిరితో మొదలుపెట్టండి. తెలిసినవారి దగ్గర నాలుగు రోజులు నేర్చుకుంటే ఇంకా మంచిది. ఎముకలు గుల్లబారినవాళ్లు, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడగండి. వెన్ను వంచి దొర్లే కసరత్తులు ఎముకలు గుల్లబారినవాళ్లకు పనికిరావు.